పవర్ యాంటెన్నాకి నీలం వైరా, నీలం-తెలుపు వైరా? కొత్త స్టీరియో బిగించేటప్పుడు వచ్చిన సందేహం

గేర్‌బాక్స్22

పాత కారులో కంపెనీ సెట్ తీసేసి కొత్త సింగిల్ డిన్ (ఒక అర సైజు) స్టీరియో బిగిస్తున్నాను. స్పీకర్లు, మెయిన్ కరెంటు, ఎర్త్ వరకు ఇబ్బంది లేదు. చిక్కంతా పవర్ యాంటెన్నా దగ్గరే వచ్చింది. పాత సెట్‌తో అయితే రేడియో ఆన్ చేయగానే కడ్డీ లేచేది, ఆఫ్ చేస్తే దిగేది.

యాంటెన్నా మోటారు నుంచి మూడు వైర్లు వస్తున్నాయి: ఎరుపు, నలుపు, ఆకుపచ్చ. ఇవి కాక రేడియోలో గుచ్చే లావుపాటి కేబులు వేరే ఉంది. కొత్త సెట్ వెనక నీలం వైరు ఒకటి, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఇంకొకటి. యాంటెన్నాకి ఏది వాడాలి? ఆకుపచ్చ వైరు దేనికో అర్థం కాలేదు కాబట్టి దాన్ని వదిలేసి, నీలం వైరుని నేరుగా ఎరుపుకి కలిపేస్తే సరిపోతుందా? రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసే స్విచ్) తప్పనిసరి అని కొందరు, అక్కర్లేదని కొందరు అంటున్నారు. ఇంకా ఏమీ కలపలేదు, బ్యాటరీ మైనస్ ఊడదీసే ఉంచాను.

---

రిలే30

నీలాన్ని ఎరుపుకి మాత్రం కలపకండి. ఆ ఒక్క కనెక్షన్‌తో రెండు నష్టాలు. ఒకటి, నీలం వైరు ఇచ్చేది సంకేతం మాత్రమే, మోటారు తిప్పే కరెంటు కాదు. చాలా సెట్లలో దాని పరిమితి 300 నుంచి 500 మిల్లీ ఆంప్స్. మోటారు కడ్డీని లేపేటప్పుడు 2 నుంచి 5 ఆంప్స్ దాకా లాగుతుంది, మధ్యలో ఇరుక్కుంటే ఇంకా ఎక్కువ. సెట్ లోపలున్న చిన్న ట్రాన్సిస్టర్ ఆ బరువు మోయలేక కాలిపోతుంది. పాటలు మామూలుగానే వస్తుంటాయి కాబట్టి సెట్ బాగానే ఉందనుకుంటారు, ఆ వైరు మాత్రం చచ్చిపోయి ఉంటుంది.

రెండోది: ఒకవేళ కాలకపోయినా కడ్డీ దిగదు. సెట్ ఆపగానే నీలం వైరులో కరెంటు పోతుంది. దిగడానికి కూడా మోటారు తిరగాలి కదా, అప్పుడు దానికి కరెంటు ఎక్కడిది? ఎరుపుని యాక్సెసరీ లైనుకి (కీ తిప్పితేనే కరెంటు వచ్చేది) కలిపినా ఇదే కథ. కీ తీసిన మరుక్షణం మోటారుకి కరెంటు లేదు, కడ్డీ లేచినచోటే నిలబడిపోతుంది. యాంటెన్నా దిగట్లేదు, మోటారు పోయింది అని తీసుకొచ్చే బళ్లలో మొదట చూడాల్సింది ఇదే.

మీ మూడు వైర్ల యాంటెన్నాలో రిలే, కంట్రోల్ సర్క్యూట్ లోపలే ఉంటాయి. మామూలుగా పంపకం ఇలా ఉంటుంది: ఎరుపుకి ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, నలుపు బాడీ ఎర్త్‌కి, ఆకుపచ్చకి సెట్ నుంచి వచ్చే సంకేతం. సంకేతం ఉన్నంతసేపు కడ్డీ పైన, పోగానే కిందికి. అయితే రంగులని గుడ్డిగా నమ్మకండి, ఒక్కో తయారీదారు ఒక్కో రంగు వాడతాడు. కలిపే ముందు విడిగా పరీక్షించండి. ఎరుపు అనుకున్నదానికి 10 ఆంప్స్ ఫ్యూజ్ ద్వారా బ్యాటరీ ప్లస్, నలుపుకి మైనస్ ఇవ్వండి. ఇప్పటికి ఏమీ కదలకూడదు. తర్వాత ఆకుపచ్చని ప్లస్‌కి తాకించి పట్టుకోండి, లేస్తుంది. వదిలేయండి, దిగుతుంది. ఈ వరసలో జరిగితే మీ వైర్లు తేలిపోయినట్టే.

ఇక నీలమా, నీలం-తెలుపా అన్న సంగతి. రెండూ ఉన్న సెట్లలో చాలావాటికి నీలం యాంటెన్నా కోసం, నీలం-తెలుపు యాంప్లిఫయర్‌ని మేల్కొలపడం కోసం. నీలంలో రేడియో పెట్టినప్పుడే 12 వోల్టులు వస్తాయి, బ్లూటూత్‌కో యూఎస్‌బీకో మారగానే పోతాయి. నీలం-తెలుపులో సెట్ ఆన్‌లో ఉన్నంతసేపూ ఉంటాయి. కాబట్టి మీ ఆకుపచ్చకి నీలం ఇవ్వండి. పొరపాటున నీలం-తెలుపు ఇస్తే కాలిపోయేదేం లేదు గానీ, ఫోన్‌లో పాటలు వింటున్నా కడ్డీ నిటారుగా లేచే ఉంటుంది. కొన్ని సెట్లలో ఏఎఫ్ (అదే స్టేషన్ బాగా వచ్చే ఫ్రీక్వెన్సీకి మారడం), టీఏ (ట్రాఫిక్ ప్రకటనలు) అనే సెట్టింగులు ఆన్‌లో ఉంటే రేడియో పెట్టకపోయినా నీలంలో కరెంటు వస్తుంది. కడ్డీ అకారణంగా లేస్తుంటే మెనూలో ఆ రెండూ చూడండి.

సెట్‌కి ఉన్నది నీలం-తెలుపు ఒక్కటే అయితే, ఆ వైరుకీ యాంటెన్నాకీ మధ్య డాష్‌బోర్డు మీద చిన్న ఆన్-ఆఫ్ స్విచ్ పెట్టుకోవడం అన్నిటికన్నా సుఖం. రేడియో వద్దనుకున్నప్పుడు, కారు కడిగించేటప్పుడు కట్టేస్తే సరి.

ఎరుపుకి కరెంటు ఎక్కడ నుంచి తీసుకోవాలన్నదాంట్లో చాలామంది బద్ధకిస్తారు. సెట్ పసుపు వైరు (ఎప్పుడూ 12 వోల్టులు ఉండేది) చేతికి అందుతుంది కదా అని దాన్నుంచే జాయింటు కొట్టేస్తారు. నడుస్తుంది, నడవదని అనను. కానీ కడ్డీ ఎక్కడైనా బిగుసుకుని మోటారు ఆగిపోతే ఆ ఫ్యూజ్ పోతుంది, దాంతోపాటు సెట్ మెమరీ, గడియారం కూడా. పాత కంపెనీ వైరింగ్‌లో యాంటెన్నాకి వేరే లైను ఇప్పటికే ఉంటుంది, ముందు దాన్ని వెతకండి. లేకపోతే ఫ్యూజ్ బాక్సు నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, మొదలైన చోట జానెడు దూరంలోపే ఫ్యూజ్ పెట్టండి. ఫ్యూజ్ విలువ యాంటెన్నా మీద రాసి ఉంటే అదే, లేకపోతే 10 ఆంప్స్. సంకేతం వైరుకి 0.5 లేదా 0.75 చాలు.

---

ఓల్ట్‌మీటర్

పైన చెప్పినదానికి పరీక్షల సంగతి కలుపుతాను.

నీలం వైరుని టెస్ట్ ల్యాంపుతో చూడొద్దు. బల్బు ఉన్న టెస్ట్ ల్యాంపులో 5 వాట్ల బల్బు ఉందనుకోండి, 12 వోల్టుల దగ్గర అది సుమారు 0.4 ఆంప్ లాగుతుంది. 300 మిల్లీ ఆంప్స్ పరిమితి ఉన్న వైరుకి అదే ఎక్కువ. వైరు బతికే ఉందా అని చూడబోయి చంపేసినట్టవుతుంది. మల్టీమీటర్ డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, నలుపు ముల్లు బాడీకి, ఎరుపు ముల్లు నీలానికి ఆనించండి. రేడియో పెడితే 12 చుట్టుపక్కల, బ్లూటూత్‌కి మారిస్తే సున్నా రావాలి. ఇదే పరీక్ష నీలం-తెలుపు మీద కూడా చేయండి. మాన్యువల్లో ఏం రాసినా, ఏ వైరు ఎప్పుడు బతుకుతుందో మీటరే చెప్తుంది.

ఖాళీగా 12 వోల్టులు చూపించి యాంటెన్నాకి కలపగానే 4కో 5కో పడిపోతే, అటు యాంటెన్నా సంకేతం వైరు ఎక్కువ లాగుతోంది, లేదంటే ఇటు సెట్ అవుట్‌పుట్ సగం చచ్చింది. తేల్చుకోవడానికి మీటర్‌ని ఆంప్స్ రేంజిలోకి మార్చి, బ్యాటరీ ప్లస్‌కీ ఆకుపచ్చకీ మధ్యలో వరసగా పెట్టండి, అంటే సెట్‌ని కలపకుండానే. లోపల మామూలు రిలే ఉంటే 100 నుంచి 200 మిల్లీ ఆంప్స్ వస్తుంది, ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉంటే ఇంకా చాలా తక్కువ. ఒక ఆంప్ దాటిందంటే అది సంకేతం వైరే కాదు, మోటారు వైరుని పట్టుకున్నారని అర్థం. ఎరుపు ముల్లుని మళ్లీ వోల్టుల సాకెట్‌లోకి మార్చడం మర్చిపోకండి, ఆంప్స్‌లో ఉంచి బ్యాటరీకి ఆనిస్తే మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

కప్లర్ విషయం. కారు కప్లర్ (సెట్ వైర్లు గుచ్చే ప్లగ్గు) ఐఎస్ఓ అనే ప్రామాణిక రకం అయితే 'A' అని రాసి ఉండే బ్లాకులో 4వ పిన్ను ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, 5 యాంటెన్నా, 6 డాష్ లైట్లు, 7 కీతో వచ్చే కరెంటు, 8 ఎర్త్. కొన్ని కార్లలో 4, 7 తారుమారుగా ఉంటాయి. అడాప్టర్ కేబుల్లో పసుపు (ఎప్పుడూ ఉండే కరెంటు), ఎరుపు (కీతో వచ్చేది) వైర్ల మధ్యలో ఊడదీసి మార్చుకునే బుల్లెట్ కనెక్టర్లు ఇచ్చేది ఇందుకే. అవి తప్పుగా ఉంటే కీ తీసిన ప్రతిసారీ సెట్ మెమరీ, గడియారం పోతాయి. 1, 2, 3 పిన్నులు ఒక్కో కంపెనీ ఒక్కో పనికి వాడుకుంటుంది. కొన్ని కార్లలో అక్కడికి కంప్యూటర్ లైను కూడా వస్తుంది, చూసుకోకుండా వాటిలోకి 12 వోల్టులు పంపొద్దు.

---

గేర్‌బాక్స్22

చాలా థాంక్స్ అండీ. విడిగా పరీక్షించాను. ఎరుపు, నలుపు ఇస్తే కదల్లేదు, ఆకుపచ్చ తాకిస్తే లేచింది, తీస్తే దిగింది. ఆకుపచ్చలో 140 మిల్లీ ఆంప్స్ వచ్చింది. సెట్ మాన్యువల్‌లో నీలం, నీలం-తెలుపు రెండూ కలిపి 300 మిల్లీ ఆంప్స్ అని ఉంది.

ముందుముందు యాంప్లిఫయర్ కూడా పెట్టాలనుంది. అప్పుడు యాంటెన్నా, యాంప్ రెండూ ఒకే వైరు మీద పెట్టొచ్చా? లేక నీలం, నీలం-తెలుపు రెండింటినీ ముడేసి వాడొచ్చా?

---

రిలే30

140 అంటే నీలం వైరు హాయిగా మోస్తుంది. మీకు ఇప్పటికి బయట రిలే అక్కర్లేదు, నీలం నేరుగా ఆకుపచ్చకే.

ముడి మాత్రం వేయొద్దు. రెండూ వేర్వేరు అవుట్‌పుట్లు. బ్లూటూత్ పెట్టినప్పుడు నీలం-తెలుపులో ఉన్న 12 వోల్టులు ముడి దగ్గర నుంచి నీలంలోకి వెనక్కి ఎక్కుతాయి. సెట్ లోపల ఏమవుతుందో ఆ డిజైను మీద ఆధారపడి ఉంటుంది, బయట మాత్రం కడ్డీ ఎప్పుడూ లేచే ఉంటుంది. అంటే నీలం వైరు ఉన్న ఉపయోగమే పోయింది. యాంప్‌కి నీలం-తెలుపు, యాంటెన్నాకి నీలం, దేనికది.

యాంప్ వచ్చాక లెక్క చూసుకోండి. ఒక యాంప్ రిమోట్ వైరు (దాన్ని మేల్కొలిపే వైరు) పెద్దగా లాగదు. కానీ రెండు యాంపులు, ఒక ఈక్వలైజరు, ఒక చిన్న ఫ్యాను అంటూ అన్నీ దానికే తగిలిస్తే 300 ఎప్పుడు దాటిందో తెలియదు. అనుమానం ఉంటే రిలే పెట్టేయండి.

వాడాల్సింది కార్లలో దొరికే మామూలు 12 వోల్టుల చదరపు రిలే. దాని కాళ్ల దగ్గర నంబర్లు రాసి ఉంటాయి. నీలం వైరు 86కి, 85 ఎర్త్‌కి. 30కి ఫ్యూజ్ ఉన్న ప్లస్, 87 నుంచి పోవాల్సిన చోటికి. దాని కాయిల్ 80, 90 ఓములు ఉంటుంది, అంటే నీలం మీద పడేది 140, 150 మిల్లీ ఆంప్స్. ఇక్కడ ఒక తిరకాసు ఉంది: మీ ఆకుపచ్చ కూడా లాగేది 140నే! దానికోసం రిలే పెడితే సెట్‌కి మిగిలే లాభం ఏమీ లేదు. తప్పనిసరిగా రిలే పెట్టాలి అనేవాళ్లు ఈ లెక్క వేయరు. అసలు సంకేతం వైరే 300 దాటి లాగుతున్నప్పుడు, లేదా నాలుగైదు వస్తువులు ఒకే వైరు మీద ఉన్నప్పుడు రిలే పనికొస్తుంది.

రిలే పెడితే డయోడు (కరెంటుని ఒకే వైపు పోనిచ్చేది) మరిచిపోవద్దు. కాయిల్‌లో కరెంటు ఆగిన క్షణంలో ఎదురు వోల్టేజి ఒక్కసారిగా ఎగసి సెట్ ట్రాన్సిస్టర్‌ని కొడుతుంది. 1ఎన్4007 డయోడు ఒకటి తీసుకుని గీత ఉన్న కాలు 86కి, గీత లేని కాలు 85కి సోల్డర్ చేయండి. తిరగేసి పెడితే నీలం వైరుని నేరుగా ఎర్త్ చేసినట్టే, సెట్ ఆన్ చేసిన మరుక్షణం అవుట్‌పుట్ పోతుంది. కొన్ని రిలేలలో డయోడు లోపలే ఉంటుంది, పైన బొమ్మలో గీసి ఉంటుంది చూడండి. అలాంటివాటిలో 85, 86 అటుఇటు మారిస్తే ఇదే ప్రమాదం.

---

తీగలమారి

ఇదే ప్రశ్నతో వెతుక్కుంటూ వచ్చేవాళ్లలో రెండే వైర్లున్న యాంటెన్నా వాళ్లు కూడా ఉంటారు, వాళ్ల కోసం రాస్తున్నాను. పైన చెప్పిన పద్ధతి వాటికి పనికిరాదు.

రెండు వైర్లంటే లోపల కంట్రోల్ ఏమీ లేదు, ఉత్త మోటారు. ఒక వైపు ప్లస్, మైనస్ ఇస్తే లేస్తుంది, తిరగేసి ఇస్తే దిగుతుంది. కరెంటు ఉన్నంతసేపు తిరుగుతూనే ఉంటుంది. చివరిదాకా వచ్చాక టకటకమని క్లచ్ జారే చప్పుడు వస్తుంది. ఒకటి రెండు సెకన్లు అలా జారితే ఫరవాలేదు, వదిలేస్తే నైలాన్ పళ్లు అరిగిపోతాయి, మోటారు వేడెక్కుతుంది.

వీటికి తేలికైన దారి చేత్తో నొక్కే స్విచ్చే. ఆరు కాళ్ల స్విచ్ తీసుకోండి, మధ్యలో ఆఫ్, రెండు వైపులా నొక్కి వదిలేస్తే వెనక్కి వచ్చేది. నొక్కినచోటే నిలిచిపోయే రకం తీసుకుంటే కట్టడం మరిచిపోయిన రోజున మోటారు పోతుంది. మధ్య రెండు కాళ్లకి మోటారు వైర్లు. పై రెండు కాళ్లలో ఎడమకి ప్లస్, కుడికి మైనస్. కింది రెండింటికి అడ్డంగా, అంటే పై ఎడమ నుంచి కింది కుడికి, పై కుడి నుంచి కింది ఎడమకి చిన్న వైరు ముక్కలు. స్విచ్ మోటారు కరెంటు మోసేది అయి ఉండాలి, కనీసం 10 ఆంప్స్‌ది చూసుకోండి.

సెట్‌తోపాటు దానంతట అదే లేచి దిగాలంటే రెండు ఐదు కాళ్ల రిలేలు, రెండు టైమర్లు కావాలి. ఒక్కో మోటారు వైరు ఒక్కో రిలే 30కి. రెండింటి 87ఏ (రిలే పని చేయనప్పుడు 30కి కలిసి ఉండే కాలు) ఎర్త్‌కి, రెండింటి 87 ఫ్యూజ్ ఉన్న ప్లస్‌కి. మొదటి రిలే పని చేస్తే పైకి, రెండోది పని చేస్తే కిందికి. ఏదీ చేయకపోతే మోటారు రెండు కొసలూ ఎర్త్‌లో ఉంటాయి కాబట్టి అక్కడికక్కడే ఆగుతుంది. పొరపాటున రెండూ ఒకేసారి పడినా రెండు కొసలకీ ప్లస్సే, షార్ట్ అవదు. నాలుగు కాళ్ల రిలేలు నాలుగు పెట్టి కట్టే పద్ధతిలో ఈ రక్షణ ఉండదు, అందుకే అది చెప్పడం లేదు.

టైమర్లలో ఒకటి నీలం వైరులో కరెంటు రాగానే మొదలవ్వాలి, రెండోది కరెంటు పోగానే మొదలవ్వాలి. రెండోదానికి ప్లస్ కీతో సంబంధం లేకుండా ఎప్పుడూ ఉండాలి, లేకపోతే కీ తీయగానే టైమరే ఆగిపోతుంది. కడ్డీ పూర్తిగా లేవడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూసి, దానికి ఒక సెకను కలిపి అమర్చండి. చలిలో, దుమ్ములో కాస్త నెమ్మదిస్తుంది కాబట్టి ఆ ఒక్క సెకను.

ఇన్ని ముక్కలు కట్టుకోవడం కన్నా మూడు వైర్ల యాంటెన్నా తెచ్చి వేసుకోవడమే నయం అని నా అభిప్రాయం. కారు బాడీ మీది రంధ్రం, లోపలి గొట్టం పొడవు సరిపోతాయో లేదో మాత్రం కొలుచుకోండి.

---

సిగ్నల్‌లేదు

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దు. మా కారుకి లేచే కడ్డీ లేదు, వెనక అద్దంలోనే యాంటెన్నా. కొత్త సెట్ పెట్టాక దగ్గరి స్టేషన్లు తప్ప ఏవీ రావడం లేదు. యాంటెన్నా కేబులు గట్టిగానే గుచ్చాను. దీనికీ నీలం వైరుకీ సంబంధం ఉందా?

---

ఓల్ట్‌మీటర్

ఉంది, అదే కారణం కావచ్చు. అద్దంలో యాంటెన్నాకి, పైకప్పు మీది పొట్టి యాంటెన్నాలు చాలావాటికి మొదట్లోనే ఒక చిన్న బూస్టర్ ఉంటుంది. దానికి 12 వోల్టులు అందకపోతే సిగ్నల్ బలపడకపోగా, ఆగిపోయిన బూస్టర్ గుండా రావాల్సి వచ్చి ఇంకా బలహీనపడుతుంది. పాత సెట్ ఆ 12 వోల్టులు ఇచ్చేది.

రెండు రకాలు. కేబుల్ ప్లగ్గు పక్క నుంచి సన్నటి వైరు విడిగా వస్తుంటే అది బూస్టర్‌ది, దాన్ని నీలానికి కలపండి. నీలం లేకపోతే నీలం-తెలుపుకి. బూస్టర్ లాగేది పదుల మిల్లీ ఆంప్స్‌లోనే కాబట్టి రిలే గొడవ లేదు. విడి వైరు లేకుండా చదరపు ప్లాస్టిక్ కప్లర్‌తో వస్తుంటే, పాత సెట్ 12 వోల్టులని యాంటెన్నా కేబుల్ మధ్య తీగలోంచే పంపేది. ఫాంటమ్ పవర్ అంటారు. దానికి ఉత్త అడాప్టర్ సరిపోదు, నీలం వైరు తోక ఉన్న ఫాంటమ్ పవర్ అడాప్టర్ కావాలి. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి, తోక చూసి కొనండి. ఎట్టి పరిస్థితిలోనూ మధ్య తీగకి మీరే నేరుగా 12 వోల్టులు తగిలించొద్దు, ఆ అడాప్టర్ లోపల కరెంటు సెట్ వైపు పోకుండా ఆపే కెపాసిటర్ ఉంటుంది.

---

గేర్‌బాక్స్22

అన్నీ కలిపాను. నీలం ఆకుపచ్చకి, ఎరుపు 10 ఆంప్స్ ఫ్యూజ్ ద్వారా ఎప్పుడూ ఉండే లైనుకి. ఇప్పుడు కొత్త సమస్య. రేడియో పెడితే కడ్డీ జానెడు లేచి ఆగి, వణికినట్టు కిందికీ పైకీ కొట్టుకుంటోంది. లోపల రిలే టకటకలాడుతోంది. బయట బ్యాటరీ మీద పరీక్షించినప్పుడు ఇలా లేదు. కీ తిప్పి స్టార్ట్ చేసేటప్పుడు కూడా ఒకసారి దిగి మళ్లీ లేస్తోంది, ఇది కూడా తప్పేనా?

---

పాతకార్లపిచ్చి

స్టార్ట్ చేసేటప్పుడు దిగడం తప్పు కాదు. స్టార్టర్ తిరిగేటప్పుడు యాక్సెసరీ లైను ఆగిపోతుంది, సెట్ ఒక క్షణం చచ్చి లేస్తుంది, దానితో కడ్డీ కూడా.

కొట్టుకోవడం సంగతి వేరేవాళ్లు చెప్తారు. నేను కడ్డీ గురించి చెప్తాను, ఎందుకంటే మోటారు మీద బరువు తగ్గితే సగం రోగాలు కనపడవు. కడ్డీని పూర్తిగా లేపి, అది పైన ఉండగానే ఎరుపు వైరు ఫ్యూజ్ తీసి కరెంటు ఆపండి. మెత్తటి గుడ్డతో పై నుంచి కింది దాకా ఒక్కో గొట్టం తుడవండి, నల్లటి మడ్డి వస్తుంది. తర్వాత పల్చటి కుట్టు మిషను నూనె రెండు చుక్కలు గుడ్డకి పూసి మళ్లీ తుడవండి. గ్రీజు పూయొద్దు, దుమ్ము అంటుకుని వారంలో ముద్ద అవుతుంది. వంగిన కడ్డీ ఎంత తుడిచినా దిగదు, మార్చాల్సిందే.

కడ్డీ మార్చడానికి మోటారంతా ఊడదీయక్కర్లేదు. పైనున్న నట్టు విప్పి, ఒకరు కడ్డీ పట్టుకుని ఉండగా ఇంకొకరు రేడియో ఆన్ చేస్తే మోటారే పాత కడ్డీని నైలాన్ తాడుతో సహా బయటికి తోసేస్తుంది. తాడు చివరిదాకా వచ్చిందా అని కొత్తదాని పక్కన పెట్టి పొడవు కొలవండి. ముక్క లోపల విరిగి ఉండిపోతే కొత్త తాడు దిగదు, అప్పుడు మాత్రం మోటారు విప్పక తప్పదు. కొత్త తాడు పళ్లు గేరు వైపు తిరిగి ఉండేలా లోపలికి పంపి, గేరుకి తగిలిందనిపించాక రేడియో ఆపండి. మోటారు వెనక్కి తిరుగుతూ తాడుని లాగేసుకుంటుంది. పట్టకపోతే తాడుని పావు వంతు తిప్పి మళ్లీ ప్రయత్నించండి. మోటారు అడుగున నీళ్లు కారిపోయే రబ్బరు గొట్టం ఉంటుంది, అది మూసుకుపోయి ఉంటే కొత్త మోటారు కూడా తుప్పు పడుతుంది.

---

ఓల్ట్‌మీటర్

గేర్‌బాక్స్22 గారూ, బయట బాగా ఆడి కారులో కొట్టుకుంటోందంటే మొదటి అనుమానం ఎర్త్ మీదే. జరిగేది ఇది: మోటారు తిరగగానే కరెంటు పెరుగుతుంది, తుప్పు పట్టిన ఎర్త్ జాయింటు దగ్గర వోల్టేజి పడిపోతుంది, లోపలి రిలేకి చాలినంత అందక వదిలేస్తుంది, మోటారు ఆగుతుంది, వోల్టేజి మళ్లీ పెరుగుతుంది, రిలే మళ్లీ పట్టుకుంటుంది. అదే ఆ టకటక.

కొలిచి చూడండి. మీటర్ 20 వోల్టుల రేంజి, నలుపు ముల్లు బ్యాటరీ మైనస్ బోల్టుకే, ఎరుపు ముల్లు యాంటెన్నా నలుపు వైరుకి. వైరు సరిపోకపోతే ఒక పొడుగు వైరుతో అందించండి. రేడియో ఆన్ చేసి మోటారు తిరుగుతున్నప్పుడు అంకె చూడండి. 0.2, 0.3 దాకా ఫరవాలేదు. వోల్టు దాటితే ఎర్త్ చెడ్డది. ఎర్త్ బాగుంటే ఇదే పద్ధతిలో బ్యాటరీ ప్లస్‌కీ యాంటెన్నా ఎరుపుకీ మధ్య కొలవండి, సన్న వైరు గానీ వదులుగా ఉన్న ఫ్యూజ్ హోల్డరు గానీ అక్కడ దొరికిపోతుంది. మోటారు ఆగి ఉన్నప్పుడు కొలిస్తే రెండు చోట్లా సున్నానే వస్తుంది, అది చూసి మోసపోవద్దు.

యాంటెన్నా బ్రాకెట్ బాడీకి ఆనే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము కనపడాలి. పళ్లున్న వాషరు వేసి బిగించి, పైన కాస్త వ్యాజిలీన్ పూయండి. రేడియోలో ఏఎమ్ పెట్టినప్పుడు ఇంజను వేగంతోపాటు పెరిగే కూత వస్తుంటే దానికి కూడా మొదట చూడాల్సింది ఈ జాయింటునే, యాంటెన్నా కేబుల్ పై జాలీకి ఎర్త్ అందేది ఇక్కడి నుంచే.

---

గేర్‌బాక్స్22

ఎర్త్ వైపు 1.8 వోల్టులు చూపించింది. బ్రాకెట్ కింద పెయింటు మీద పెయింటు ఉంది. గీకి బిగించాక 0.1. కడ్డీ ఆగకుండా చివరిదాకా లేస్తోంది, బ్లూటూత్‌కి మారిస్తే దిగుతోంది. వాడని నీలం-తెలుపు వైరు ఇప్పటికి ఊరికే వేలాడుతోంది.

---

రిలే30

దాన్ని అలా వదలకండి. సెట్ ఆన్‌లో ఉండగా ఆ రాగి కొస బాడీకి తగిలితే అవుట్‌పుట్ పోతుంది, యాంప్ తెచ్చిన రోజున తెలుస్తుంది. కొస కత్తిరించి, హీట్ ష్రింక్ స్లీవు వేసి వేడి చేసి, వెనక్కి మడిచి వైర్ల కట్టకి టై కట్టండి. టేపు ఒక్కటే అయితే ఎండకి జిగురు కరిగి ఊడిపోతుంది.